గంటకు వందల ఫ్లైట్ ప్లాన్లు.. సిస్టమ్ ఆగితే గంటకు 60! ఆకాశంలో 'ప్లాన్ బి' ఎలా పనిచేస్తుందో తెలుసా?

2025 నవంబర్ 7, శుక్రవారం. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ డిస్‌ప్లే బోర్డుల మీద ఎటు చూసినా ఒకటే మాట.. 'డిలేడ్'. విమానాలు ఉన్నాయి. పైలట్లు ఉన్నారు. రన్‌వేలు ఖాళీగానే ఉన్నాయి. కారణం వాతావరణం కూడా కాదు. అయినా ఆ ఒక్కరోజే 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. ఢిల్లీలో ఫ్లైట్ మారాల్సిన హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ ప్రయాణికులు కూడా అందులో ఇరుక్కుపోయారు.

పాడైంది ఏంటంటే ఒక మెసేజింగ్ సిస్టమ్. పేరు ఆటోమేటిక్ మెసేజ్ స్విచింగ్ సిస్టమ్, షార్ట్‌గా ఏఎంఎస్ఎస్. ముందురోజే, అంటే నవంబర్ 6నే అందులో సమస్య బయటపడింది.

మెసేజ్‌లు ఆగితే విమానాలు ఎందుకు ఆగుతాయి? అసలు ఇంత పెద్ద వ్యవస్థకు బ్యాకప్ ఉండదా? ఉంటే అది ఎందుకు ఆదుకోలేదు? ఆ రోజు సోషల్ మీడియాలో అందరూ అడిగిన ప్రశ్నలు ఇవే. వీటికి జవాబు ఒక్క ఢిల్లీని చూస్తే దొరకదు. లండన్, చికాగో, మనీలా.. చాలా చోట్ల ఇలాంటివి జరిగాయి. ఒక్కో చోట ఒక్కో పాఠం.

ముందు ఏటీసీ ఏం చేస్తుందో చూద్దాం

ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనగానే మనకు ఎయిర్‌పోర్ట్‌లో కనిపించే ఎత్తైన టవర్, అందులో బైనాక్యులర్స్ పట్టుకున్న మనిషి గుర్తొస్తారు. కానీ పనిలో ఎక్కువ భాగం జరిగేది కిటికీలు కూడా లేని గదుల్లో. స్క్రీన్ మీద చుక్కలు కదులుతుంటాయి. ఒక్కో చుక్క పక్కన విమానం పేరు, ఎత్తు, స్పీడ్, ఎక్కడికి వెళ్తుందో ఉంటుంది.

ఆ చుక్క ఎక్కడుందో రాడార్ చెబుతుంది. కానీ అది ఎవరు, ఎక్కడి నుంచి వస్తోంది, ఏ దారిలో ఎక్కడికి పోతోంది అనేది చెప్పేది ఫ్లైట్ ప్లాన్. ప్రతి విమానం ఎగరకముందే ఎయిర్‌లైన్ ఈ ప్లాన్ ఫైల్ చేస్తుంది. దారిలో తగిలే ప్రతి కంట్రోల్ సెంటర్‌కూ అది ముందే చేరాలి. దాన్ని చేరవేసేదే ఢిల్లీలో మొరాయించిన ఏఎంఎస్ఎస్. వాతావరణ సమాచారం, రన్‌వే నోటీసులు కూడా అదే దారిలో వెళ్తాయి.

అది ఆగిపోతే కంట్రోలర్ ముందు స్క్రీన్ వెలుగుతూనే ఉంటుంది. కానీ ప్లాన్లు వాటంతట అవి రావు. మనుషులే ఒక్కొక్కటిగా టైప్ చేసి ఎక్కించాలి. ఢిల్లీలో అదే చేశారు. అదనపు సిబ్బందిని పిలిపించి చేత్తోనే ఫ్లైట్ ప్లాన్లు ప్రాసెస్ చేయించారు. మామూలు రోజుల్లో ఢిల్లీలో రోజుకు 1,500కు పైగా విమానాలు ఎక్కి దిగుతాయి. అన్నింటికీ చేత్తో అంటే.. ఆలస్యం కాక ఏమవుతుంది?

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఎందుకంటే ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ 'గాల్లో విమానాలు గుద్దుకునేవా?' అనే థంబ్‌నెయిల్స్ కనిపిస్తాయి. సిస్టమ్ డౌన్ అయితే ఏటీసీ మొదట చేసే పని భద్రతను తగ్గించడం కాదు, విమానాల సంఖ్యను తగ్గించడం. ఎన్నింటిని సురక్షితంగా చూసుకోగలరో అన్నింటినే ఆకాశంలోకి వదులుతారు. మిగతావి నేల మీదే ఆగుతాయి. గాల్లో ఉన్న విమానం దగ్గర వేరే ఎయిర్‌పోర్ట్‌కు వెళ్లేంత ఇంధనం అదనంగా ఉంటుంది. ఎదురుగా విమానం వస్తే హెచ్చరించే పరికరం విమానంలోనే ఉంటుంది. రేడియో పోతే ఏం చేయాలో పైలట్‌కు ముందే రూల్స్ ఉన్నాయి.

కాబట్టి నష్టం ఎక్కువగా కనిపించేది ఆకాశంలో కాదు, టెర్మినల్‌లో. నేల మీద కూర్చుని నిద్రపోయే ప్రయాణికుల్లో.

సంఖ్య ఎంత తగ్గుతుంది అనేదానికి చిన్న లెక్క. రాడార్ బాగుంటే ఎత్తులో వెళ్లే రెండు విమానాల మధ్య 5 నాటికల్ మైళ్ల దూరం ఉంటే చాలు. రాడార్ లేకపోతే టైమ్‌ను బట్టి దూరం పాటించాలి. ఒకే దారిలో వెనకాముందు వెళ్లే వాటి మధ్య 10 నిమిషాలు అనుకోండి. జెట్ విమానం నిమిషానికి సుమారు 8 నాటికల్ మైళ్లు పోతుంది. అంటే 80 మైళ్ల ఖాళీ. 5 ఎక్కడ, 80 ఎక్కడ! అదే ఆకాశంలో పట్టే విమానాలు ఎంతలా తగ్గిపోతాయో ఊహించుకోండి.

మా న్యూస్ రూమ్ భాషలో చెప్పాలంటే.. టెలీప్రాంప్టర్ ఆగిపోయినా బులెటిన్ ఆగదు. యాంకర్ ముందు ప్రింట్ తీసిన స్క్రిప్ట్ ఉంటుంది, దాన్ని చూసి చదువుతారు. స్పీడ్ తగ్గుతుంది, అక్కడక్కడా తడబాటు ఉంటుంది. కానీ వార్త తప్పు పోదు. అయితే ఆ ప్రింట్ ముందే తీసి పెట్టి ఉండాలి. ఆ ప్రింట్ తీసి పెట్టడాన్నే పెద్ద పెద్ద సంస్థలు 'బిజినెస్ కంటిన్యూటీ ప్లానింగ్' అంటాయి.

ఒకే పేరుతో రెండు ఊళ్లు.. 7 లక్షల మందికి కష్టాలు

ఈ సబ్జెక్ట్‌లో ఎక్కువగా చెప్పుకోవాల్సింది బ్రిటన్ కథ. 2023 ఆగస్టు 28, సోమవారం. అక్కడ బ్యాంక్ హాలిడే. వేసవి సెలవులు ముగించుకుని జనం ఇళ్లకు తిరిగొచ్చే రోజు. విమానాలన్నీ ఫుల్.

ఆ రోజు లాస్ ఏంజెల్స్ నుంచి పారిస్ వెళ్తున్న ఒక విమానం ఫ్లైట్ ప్లాన్ బ్రిటన్ ఏటీసీ సంస్థ నాట్స్ సిస్టమ్‌లోకి వచ్చింది. ఆ విమానం బ్రిటన్‌లో దిగదు. ఆ దేశం మీదుగా వెళ్తుందంతే. ప్లాన్‌లో తప్పేమీ లేదు. నిబంధనల ప్రకారమే ఉంది.

కానీ దాని దారిలో 'డీవీఎల్' అనే మూడు అక్షరాల గుర్తు రెండుసార్లు వచ్చింది. ఒకటి అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రంలోని డెవిల్స్ లేక్. ఇంకొకటి ఫ్రాన్స్ తీరంలోని డోవిల్. రెండింటి కోడ్ ఒకటే.

మన దగ్గర రామచంద్రపురం అంటే హైదరాబాద్‌లో బీహెచ్ఈఎల్ పక్కనా ఉంది, గోదావరి జిల్లాల్లోనూ ఉంది. బస్ కండక్టర్‌కు ఏ రామచంద్రపురమో అర్థమవుతుంది. సాఫ్ట్‌వేర్‌కు అర్థం కాలేదు. అది ప్లాన్‌లో 'ఈ విమానం బ్రిటన్‌లోకి ఎక్కడ ప్రవేశిస్తుంది, ఎక్కడ బయటకు వెళ్తుంది' అని వెతుకుతుంది. ప్రవేశించే చోటు దొరికింది. బయటకు వెళ్లే చోటు కోసం వెతుకుతూ డోవిల్‌కు బదులు డెవిల్స్ లేక్‌ను పట్టుకుంది. అంటే దాని లెక్కలో విమానం బ్రిటన్‌లోకి రాకముందే బయటకు వెళ్లిపోయింది! ఇది అసాధ్యం. అసాధ్యమైన డేటాను కంట్రోలర్ స్క్రీన్ మీదకు పంపితే ప్రమాదం. అందుకే సిస్టమ్ తనను తాను ఆపేసుకుంది.

వెంటనే బ్యాకప్ సిస్టమ్ పని అందుకుంది. దానికీ అదే ప్లాన్ వెళ్లింది. అందులోనూ అదే సాఫ్ట్‌వేర్. అదే గందరగోళం. అదీ ఆగిపోయింది. రెండూ పడిపోవడానికి పట్టిన సమయం 20 సెకన్ల కంటే తక్కువ.

అంతకుముందు ఆ సిస్టమ్ కోటిన్నరకు పైగా ఫ్లైట్ ప్లాన్లను ప్రాసెస్ చేసింది. ఇలాంటిది ఎప్పుడూ రాలేదు.

ఇక అసలు కథ ఇక్కడి నుంచి. సిస్టమ్ ఆగినా అప్పటికే నాలుగు గంటలకు సరిపడా ఫ్లైట్ డేటా నిల్వ ఉంటుంది. అంటే నాలుగు గంటల్లో బాగు చేసేస్తే ప్రయాణికులకు ఏం జరిగిందో కూడా తెలియదు. డిజైన్ చేసినవాళ్లు అలాగే అనుకున్నారు. నిజానికి మంచి ఆలోచనే.

కానీ ఆ నాలుగు గంటలు ఎలా గడిచాయో చూడండి. డ్యూటీలో ఉన్న ఇంజనీర్ మామూలుగా చేసే రీస్టార్ట్ ప్రయత్నాలు చేశారు, ఫలించలేదు. పైస్థాయి ఇంజనీర్ సెలవు రోజు కావడంతో ఇంటి దగ్గర ఆన్ కాల్‌లో ఉన్నారు. రిమోట్‌గా లాగిన్ అయి చేయాల్సినవి చేశారు. కుదరలేదు. పూర్తిగా రీస్టార్ట్ చేయాలంటే ఆఫీసుకు రావాల్సిందే. రావడానికి గంటన్నర పట్టింది. వచ్చాక పాస్‌వర్డ్ లాగిన్ దగ్గర మళ్లీ ఆలస్యం. ఆగిపోయిన సిస్టమ్‌లో ఆ లాగిన్‌ను సరిచూసే వీలు వెంటనే లేకపోయింది. అంతకంటే పైస్థాయి నిపుణుడి సాయం అడిగేసరికి మూడు గంటలు దాటింది. సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీకి ఫోన్ వెళ్లేసరికి నాలుగు గంటలు దాటింది. అప్పటికి నిల్వ డేటా అయిపోయింది.

విషయం తెలిశాక తయారీ కంపెనీ కారణాన్ని త్వరగానే కనిపెట్టింది. సమస్య పెట్టిన ఆ ఒక్క ప్లాన్‌ను పక్కకు తప్పిస్తే సిస్టమ్ మళ్లీ లేచింది. కానీ ఈలోపు జరగాల్సిన నష్టం జరిగిపోయింది. మామూలుగా గంటకు వందల ప్లాన్లు ఆటోమేటిక్‌గా ఎక్కే చోట చేత్తో ఎక్కించగలిగింది గంటకు 60 మాత్రమే. ఆ ఒక్కరోజే 1,500కు పైగా విమానాలు రద్దయ్యాయి. ఒక విమానం రద్దయితే అది తర్వాత వెళ్లాల్సిన చోటుకూ వెళ్లదు, సిబ్బంది వేరే ఊర్లో ఉండిపోతారు. ఆ ప్రభావం రోజుల తరబడి సాగింది. మొత్తంగా 7 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారని ఆ తర్వాత వేసిన స్వతంత్ర కమిటీ తేల్చింది. జెఫ్ హాలీవెల్ అధ్యక్షతన పనిచేసిన ఆ కమిటీ 2024 నవంబర్‌లో తుది నివేదిక ఇచ్చింది. అందులో 34 సిఫార్సులు ఉన్నాయి.

నివేదికలో ఎక్కువ చర్చ సాఫ్ట్‌వేర్ బగ్ గురించి అనుకుంటాం. కానీ చదివితే కళ్లకు కట్టేది మనుషుల విషయమే. ఎవరు ఆఫీసులో ఉండాలి? ఎంతసేపటికి పైవాళ్లకు ఫోన్ చేయాలి? తయారీ కంపెనీని ఎప్పుడు లైన్‌లోకి తేవాలి? ఎయిర్‌లైన్స్‌కు, ఎయిర్‌పోర్ట్‌లకు ఎప్పుడు చెప్పాలి? బగ్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. దానికి గడువు నాలుగు గంటలు అని ముందే తెలుసు. మరి ఆ నాలుగు గంటలకు నిమిషాల లెక్కన ప్లాన్ ఎందుకు లేదు? నాకైతే సిస్టమ్ ఆగిపోవడం కంటే ఇదే పెద్ద తప్పుగా కనిపిస్తోంది.

ఇంకో వాదన కూడా ఉంది. తప్పు డేటా పంపడం కంటే ఆగిపోవడమే నయం అని నాట్స్ చెప్పింది. ఆ మాట నిజమే. కానీ అర్థం కాని ఒక్క ప్లాన్‌ను పక్కన పడేసి, 'దీన్ని మీరే చూడండి' అని మనిషికి చెప్పి, మిగతావి కొనసాగించి ఉంటే సరిపోయేది కదా? ఒక్క టికెట్‌లో పేరు తప్పుంటే ఆ ప్రయాణికుణ్ణి పక్కకు పిలుస్తారు. కౌంటర్ మొత్తం మూసేయరు.

బ్యాకప్ ఉంది.. కానీ అదీ అంతే!

బ్రిటన్ ఘటనకు ఏడు నెలల ముందే, 2023 జనవరి 11న అమెరికాలో దాదాపు ఇలాంటిదే జరిగింది. పైలట్లకు రన్‌వే మూసివేత, పనిచేయని లైట్ల లాంటి హెచ్చరికలు పంపే నోటామ్ సిస్టమ్ పడిపోయింది. దేశవ్యాప్తంగా విమానాలు ఎగరకుండా ఆపేశారు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలో అలా జరగడం అదే మొదటిసారి. 1,300కు పైగా విమానాలు రద్దు, సుమారు 10 వేలు ఆలస్యం.

కారణం? మెయిన్ డేటాబేస్‌ను, బ్యాకప్ డేటాబేస్‌ను ఒకదానితో ఒకటి సరిచేస్తూ కాంట్రాక్ట్ సిబ్బంది పొరపాటున కొన్ని ఫైళ్లు డిలీట్ చేశారు. అంటే బ్యాకప్‌ను కాపాడే పనిలోనే రెండూ పోయాయి!

మీ ఫోన్‌తో పోల్చుకుంటే అర్థమవుతుంది. ఫోన్‌లో ఫోటో డిలీట్ చేస్తే సింక్ అయిన క్లౌడ్‌లో కూడా పోతుంది. కాపీ ఉంది కదా అనుకుంటాం. కానీ అది కాపీ కాదు, అద్దం. ఇక్కడ ఏం జరిగితే అక్కడా అదే కనిపిస్తుంది. హార్డ్‌వేర్ కాలిపోతే ఇలాంటి బ్యాకప్ పనికొస్తుంది. తప్పు డేటాలోనో, సాఫ్ట్‌వేర్‌లోనో ఉంటే పనికిరాదు. ఆ తప్పును అది కూడా నమ్మకంగా కాపీ చేస్తుంది.

కరెంట్ విషయంలోనూ ఇదే తంతు. 2023 కొత్త సంవత్సరం మొదటి రోజే ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఏటీసీ సెంటర్‌కు పవర్ పోయింది. పవర్ పోతే ఆదుకోవాల్సిన యూపీఎస్ దగ్గరే సమస్య. నేరుగా మెయిన్ లైన్‌కు కలిపితే 220 వోల్టులు రావాల్సిన చోట 380 వోల్టులు వచ్చి పరికరాలు దెబ్బతిన్నాయని అప్పట్లో అక్కడి అధికారులు చెప్పారు. దేశం మొత్తం ఆకాశం మూతపడింది. సుమారు 300 విమానాలపై ప్రభావం పడింది. సెలవులకు ఇంటికొచ్చి గల్ఫ్‌కు, ఇతర దేశాలకు పనికి తిరిగి వెళ్లాల్సిన వాళ్లు ఎయిర్‌పోర్ట్‌లోనే చిక్కుకుపోయారు. గల్ఫ్ కుటుంబాలున్న మన కరీంనగర్, నిజామాబాద్, కడప వాళ్లకు ఆ బాధేంటో చెప్పక్కర్లేదు. డ్యూటీకి ఒక్కరోజు లేటైనా వీసా, జీతం రెండూ టెన్షనే.

ఇక న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్లకు నెవార్క్ సంగతి బాగా గుర్తుండే ఉంటుంది. 2025 ఏప్రిల్ 28న నెవార్క్ విమానాలను చూసుకునే కంట్రోలర్లకు దాదాపు 90 సెకన్ల పాటు రాడార్, రేడియో రెండూ పోయాయి. ఆ కంట్రోలర్లు ఉన్నది ఫిలడెల్ఫియాలో. అంతకుముందు ఏడాదే ఆ పనిని న్యూయార్క్ నుంచి అక్కడికి మార్చారు. డేటా మాత్రం దూరం నుంచి టెలికాం లైన్ల మీద రావాలి. ఆ లైన్ పోయింది, అంతే. 90 సెకన్లే కదా అనొచ్చు. కానీ డజన్ల కొద్దీ ప్రాణాల బాధ్యత ఉన్న మనిషి ఎదురుగా స్క్రీన్ నల్లబడితే ఆ 90 సెకన్లు ఎలా ఉంటాయి? ఆ ఘటన తర్వాత కొందరు కంట్రోలర్లు ట్రామా సెలవు తీసుకున్నారు. తర్వాత వారాల తరబడి నెవార్క్‌లో విమానాలను తగ్గించి నడిపారు. ప్లాన్‌లో సర్వర్లు, వైర్లు ఉంటే సరిపోదు. భయపడిన మనిషి స్థానంలో కూర్చోవడానికి ఇంకో శిక్షణ పొందిన మనిషి కూడా ఉండాలి.

బిల్డింగే కాలిపోతే?

ఇవన్నీ సాఫ్ట్‌వేర్, కరెంట్ కథలు. బిల్డింగే పనికిరాకుండా పోతే ఏంటి పరిస్థితి? దానికి సమాధానం చికాగో.

2014 సెప్టెంబర్ 26 తెల్లవారుజామున చికాగో దగ్గర అరోరాలోని ఏటీసీ సెంటర్‌లో మంటలు. పెట్టింది బయటివాళ్లు కాదు, అక్కడే పనిచేసే ఒక కాంట్రాక్ట్ ఉద్యోగి. కమ్యూనికేషన్ కేబుల్స్ కత్తిరించి నిప్పు పెట్టాడు. ఏ వైరు ఎక్కడుందో తెలిసినవాడు కాబట్టి నష్టం మామూలుగా లేదు. 29 ర్యాకుల్లో 20 పాడైపోయాయి. అతనికి తర్వాత పన్నెండున్నరేళ్ల జైలు శిక్ష పడింది.

ఆ సెంటర్ అమెరికా మధ్యభాగంలో పలు రాష్ట్రాల మీద వెళ్లే విమానాలను చూసుకుంటుంది. దాన్ని 'ఏటీసీ జీరో' అని ప్రకటించారు. అంటే ఇక్కడి నుంచి ఏ సేవా అందదు అని. తొలిరోజే సుమారు 2 వేల విమానాలు రద్దయ్యాయి.

కానీ అక్కడి నుంచి వాళ్లు కోలుకున్న తీరు చూడాలి. చుట్టుపక్కల ఉన్న మినియాపోలిస్, ఇండియానాపోలిస్, క్లీవ్‌లాండ్, కాన్సాస్ సిటీ సెంటర్లు చికాగో ఆకాశాన్ని ముక్కలుగా పంచుకున్నాయి. కొత్త ప్రాంతం కాబట్టి అక్కడి కంట్రోలర్లకు ఆ దారులు అంతగా తెలియవు. అందుకే చికాగో కంట్రోలర్లు బ్యాగులు సర్దుకుని ఆ ఊళ్లకు వెళ్లి పక్కన కూర్చుని సాయం చేశారు. రేడియో లైన్లను కొత్తగా మళ్లించారు. ట్రాఫిక్ రోజురోజుకూ పెరిగింది. ఇంకోవైపు కాలిపోయిన పరికరాలను కొత్తగా బిగించారు. 17 రోజుల్లో, అక్టోబర్ 13కల్లా సెంటర్ తిరిగి పనిలోకి వచ్చింది.

ఇందులో ఎంత ముందే రాసిపెట్టిన ప్లాన్, ఎంత అప్పటికప్పుడు తోచిన ఉపాయం అంటే.. రెండూ ఉన్నాయి. పక్క సెంటర్ల సాయం అనేది పేపర్ మీద ముందే ఉంది. కానీ అంత పెద్ద సెంటర్ అన్ని రోజులు మూతపడుతుందని ఎవరూ అనుకోలేదు.

ఇలాంటివి దృష్టిలో పెట్టుకునే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, తన 11వ అనెక్స్‌లో ఒక నిబంధన పెట్టింది. ఏటీసీ సేవలకు అంతరాయం వస్తే ఏం చేయాలో ప్రతి దేశం కంటింజెన్సీ ప్లాన్ తయారుచేసుకోవాలి. పక్క దేశాలతో మాట్లాడి పెట్టుకోవాలి. ఆకాశానికి గోడలు ఉండవు కదా. ఇక్కడ ఆగిన విమానం పక్క దేశం మీద చక్కర్లు కొడుతుంది.

బ్రిటన్‌లోనే దీనికి మంచి ఉదాహరణ కూడా ఉంది. లండన్ హీత్రూ టవర్ వాడలేని పరిస్థితి వస్తే వేరే చోట ఒక ప్రత్యామ్నాయ కంట్రోల్ రూమ్ ఉంటుంది. కిటికీలోంచి చూసే అవకాశం లేకుండానే అక్కడి నుంచి మామూలు ట్రాఫిక్‌లో 70 శాతం దాకా నడిపేలా దాన్ని తయారుచేశారు. రోజూ వాడరు. కానీ కంట్రోలర్లకు అక్కడ ప్రాక్టీస్ ఉండాలి. ఉత్తుత్తి ఖర్చు అనిపిస్తుంది, అవసరం పడేదాకా.

మళ్లీ అదే బ్రిటన్‌లో 2025 జూలై 30న రాడార్‌కు సంబంధించిన సమస్య వచ్చింది. ఈసారి 20 నిమిషాల్లోనే బ్యాకప్‌కు మారిపోయారు. అయినా 150కి పైగా విమానాలు రద్దయ్యాయి. బ్యాకప్ ఆదుకుంటేనే ఇలా. రన్‌వేలు నిండా ట్రాఫిక్ ఉన్న చోట 20 నిమిషాల ఖాళీని పూడ్చుకోవడానికి రోజంతా పడుతుంది.

మరి మన దగ్గర?

ఇక్కడ ఏటీసీని నడిపేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌ను నడిపేది ప్రైవేట్ సంస్థే అయినా అక్కడి టవర్‌లో ఉండేది అథారిటీ కంట్రోలర్లే. మన దేశ ఆకాశాన్ని ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై అని నాలుగు ప్రధాన ప్రాంతాలుగా విభజించారు. హైదరాబాద్ చెన్నై కిందకు వస్తుంది. అంటే శంషాబాద్‌లో అన్నీ సజావుగా ఉన్నా చెన్నై సెంటర్‌లో తేడా వస్తే ఆ ప్రభావం మనకూ తగులుతుంది.

ఢిల్లీ ఘటనలో మనకు ఇంకో కనెక్షన్ కూడా ఉంది. సిస్టమ్‌ను సరిచేయడానికి అథారిటీ సిబ్బందితో పాటు రంగంలోకి దిగింది ఈసీఐఎల్ బృందం. అవును, మన హైదరాబాద్ ఈసీఐఎల్లే. పౌర విమానయాన మంత్రి శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు. ఆయన ఢిల్లీ ఏటీసీకి వెళ్లి పరిస్థితి సమీక్షించారు. మూలకారణం ఏంటో లోతుగా తేల్చాలని, అదనపు సర్వర్లతో సిస్టమ్‌ను బలోపేతం చేయాలని అధికారులకు చెప్పారు.

అదనపు సర్వర్లు మంచిదే. కానీ బ్రిటన్ కథ చదివాక ఒక డౌట్ రాకమానదు. అదే సాఫ్ట్‌వేర్‌తో నాలుగు సర్వర్లు పెడితే, అదే తప్పు వచ్చినప్పుడు నాలుగూ కలిసే పడిపోవా? కొత్త సర్వర్‌లో ఏం ఉంటుంది, ఎంతసేపటికి దానికి మారతారు, ఎన్ని నిమిషాల్లో ఎవరికి ఫోన్ వెళ్తుంది.. అడగాల్సిన ప్రశ్నలు ఇవి. ఢిల్లీ, ముంబై ఆటోమేషన్ సిస్టమ్స్ పనితీరు తగ్గుతోందని ఆ ఘటనకు నెలల ముందే కంట్రోలర్ల గిల్డ్ చెప్పింది. రోజూ స్క్రీన్ ముందు కూర్చునేవాళ్ల మాట ఎవరి టేబుల్ మీదకు చేరుతుంది అనేది కూడా ప్లాన్‌లో భాగమే.

చేత్తో చేసే పని గురించి కూడా ఒక మాట. ఢిల్లీని ఆ రోజు నడిపించింది అదే. కానీ ఏళ్ల తరబడి అంతా ఆటోమేటిక్‌గా జరుగుతుంటే చేత్తో చేయడం మర్చిపోతాం. ఇంటి నంబర్లు గుర్తులేని మనకు ఇది చెప్పాలా? అందుకే సిస్టమ్ బాగున్నప్పుడే డ్రిల్స్ చేయాలి. రద్దీ తక్కువున్న వేళ చూసుకుని, బ్యాకప్‌కు నిజంగా మారి చూడాలి.

ఇలా జరిగితే ప్రయాణికుడికి ఏం వస్తుంది?

చివరిగా జేబుకు సంబంధించిన విషయం. ఏటీసీ కారణంగా విమానం రద్దయినా, ఆలస్యమైనా ఎయిర్‌లైన్ నష్టపరిహారం ఇవ్వాల్సిన అవసరం లేదని డీజీసీఏ నిబంధనల్లోనే ఉంది. వాతావరణం, భద్రతా కారణాలతో పాటు ఏటీసీని పేరు పెట్టి మరీ మినహాయించారు. బ్రిటన్‌లోనూ ఇలాంటి ఘటనల్లో నగదు పరిహారం రాదు. కానీ అక్కడ కారణం ఏదైనా సరే చిక్కుకుపోయిన ప్రయాణికుడికి భోజనం, హోటల్ చూసుకోవాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్‌దే. 2023లో ఆ ఖర్చంతా తమ మీద పడిందని, తప్పు చేసిన ఏటీసీ సంస్థ మాత్రం పైసా కట్టలేదని ఎయిర్‌లైన్స్ గట్టిగానే గొడవ చేశాయి.

కాబట్టి ఢిల్లీలోనో ముంబైలోనో ఫ్లైట్ మారి అమెరికా వెళ్లేవాళ్లు రెండు టికెట్లను వేర్వేరుగా బుక్ చేసేముందు ఒకసారి ఆలోచించండి. రెండూ ఒకే బుకింగ్‌లో ఉంటే మొదటిది లేటై రెండోది మిస్సయినప్పుడు వేరే విమానం చూపించమని ఎయిర్‌లైన్‌ను అడగొచ్చు. విడివిడిగా ఉంటే రెండో ఎయిర్‌లైన్ లెక్కలో మీరు సమయానికి రాని ప్రయాణికుడు మాత్రమే. బోర్డు మీద 'డిలేడ్' అని పడగానే కౌంటర్ దగ్గర ఎయిర్‌లైన్‌ను కారణం అడిగి, మెసేజ్ రూపంలో తీసుకుని స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు మొదట అడిగేది అదే.